పళ్లకి క్లిప్పులు ఉంటే బ్రెయిన్ ఎంఆర్ఐ తీయించొచ్చా?

కృష్ణలంక (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఈ మధ్య స్కూల్లో ఫిట్స్ వచ్చి పడిపోయింది. అంతకు ముందెప్పుడూ రాలేదు. న్యూరాలజిస్ట్ గారు ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష) చేయించి, బ్రెయిన్ ఎంఆర్ఐ రాశారు. చీటీ మీద "ఎపిలెప్సీ ప్రోటోకాల్, 3 టెస్లా" అని ఉంది. పాపకి పైనా కిందా క్లిప్పులు ఉన్నాయి, వేయించి ఏడాది దాటింది. వెనక దవడ పళ్లకి రింగుల్లాంటివి కూడా ఉన్నాయి. కింద ఒక పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు.

స్కానింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే క్లిప్పులు మొత్తం తీయించుకుని రమ్మన్నారు. పళ్ల డాక్టర్ గారేమో అవి తీసి మళ్లీ అతికించాలంటే ఖర్చు ఒక ఎత్తు, ఈలోపు పళ్లు కదిలి ఇన్నాళ్ల పని వెనక్కి పోవడం ఇంకో ఎత్తు అంటున్నారు. మా ఆడపడుచు అయితే ఆ మెషీన్‌లో పెడితే క్లిప్పులు పళ్లతో సహా ఊడొస్తాయని పాప ముందే అనేసింది. అది విన్నప్పటి నుంచి పిల్లకి నిద్ర లేదు, నాకు టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. తీయించాలా, వద్దా?

ఓరుగల్లు బిడ్డ (హనుమకొండ)

అక్కా, రిస్క్ తీసుకోకండి. లోహం లోహమే. 2018లో ముంబైలో ఒకాయన ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్ఐ గదిలోకి వెళ్తే మెషీన్ సిలిండర్‌తో పాటు ఆయన్ని కూడా లాగేసుకుంది. ప్రాణం పోయింది. పేపర్లన్నిట్లో వచ్చింది కదా. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. తీయించేయండి.

గ్యాంట్రీ పక్కన (ఎంఆర్ఐ టెక్నీషియన్, హైదరాబాద్)

తమ్ముడూ, ముంబై సంగతి నిజమే. సిలిండర్లు, స్ట్రెచర్లు, వీల్‌చెయిర్ల విషయంలో మేం గుమ్మం దగ్గర అంత కఠినంగా ఉండేది అందుకే. కానీ సిలిండర్‌నీ పంటి క్లిప్పునీ ఒకే గాట కట్టొద్దు. సిలిండర్ కిలోల బరువున్న ఇనుము, పైగా చేతిలో విడిగా ఉంది. బ్రాకెట్ అంటే ఒక్కో పన్ను మీద అతికించే ముక్క. దాని సైజు కొన్ని మిల్లీమీటర్లు, బరువు గ్రాములో చిన్న వంతు. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని నెలల తరబడి తట్టుకునేలా పన్నుకి అతికించి ఉంటుంది. మెషీన్ దాన్ని కొంచెం లాగినా ఆ అతుకు ఊడేంత బలం ఉండదు. పళ్లు ఊడిరావడం అన్నది అసలు లేదు. పాపకి ఈ మాట ముందు చెప్పండి మేడమ్.

అసలు ఇబ్బంది బొమ్మతో వస్తుంది. నోట్లో లోహం ఉందని మాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ముందుగా లోకలైజర్ అని చిన్న స్కాన్ తీస్తాం. క్లిప్పులున్నవాళ్లకి అందులో ముక్కు కింద నుంచి గడ్డం దాకా మొహమే ఉండదు, నల్లటి గుంట కనపడుతుంది. గుంట అంచున తెల్లగా మెరిసే వంపు గీత. దాని పైన కళ్ల భాగం సాగదీసినట్టు, నుదురు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. మనిషికి ఏమీ కాలేదు, బొమ్మ వంకరపోయింది, అంతే.

ఎందుకలా అవుతుందో కూడా చెప్తాను. టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలానికి కొలత. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి 30 వేల రెట్ల పైనే. అందులో మన ఒంట్లోని నీళ్లలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకి దాదాపు 6 కోట్ల 40 లక్షల సార్లు తిరుగుతాయి. మెషీన్ ఆ వేగంలో చోటుని బట్టి చిన్న చిన్న తేడాలు పెట్టి, ఏ వేగంతో సిగ్నల్ వస్తే అది ఏ చోటిదో లెక్క కడుతుంది. పక్కన స్టీల్ ముక్క ఉంటే అక్కడి క్షేత్రం మారుతుంది, దానితో వేగమూ మారుతుంది. మెషీన్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి ఆ సిగ్నల్‌ని తీసుకెళ్లి వేరే చోట పెడుతుంది. ఖాళీ అయిన చోట నలుపు, వచ్చి కుప్పపడిన చోట తెలుపు.

కాబట్టి "క్లిప్పులుంటే ప్రమాదమా" అని కాకుండా "మనం చూడాల్సిన భాగం ఆ నల్లటి గుంటలో పడుతుందా" అని అడగాలి.

పళ్ల డాక్టర్ (కరీంనగర్)

పైన టెక్నీషియన్ గారు బాగా చెప్పారు. నా వైపు నుంచి నోట్లో ఏముంటుందో చెప్తాను. అన్నిట్నీ కలిపి క్లిప్పులు అనేస్తాం గానీ, అందులో మూడు నాలుగు రకాల లోహాలుంటాయి, ఎంఆర్ఐలో ఒక్కోటీ ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది.

మొదటి నెలల్లో వేసే సన్నటి తీగ సాధారణంగా నికెల్-టైటానియం. విడి నికెల్‌ని అయస్కాంతం లాగుతుంది. టైటానియంతో కలిసి మిశ్రమం అయ్యాక లాగదు. బొమ్మ మీద దాని ప్రభావం తక్కువే. ఏడాది దాటిందంటే మీ పాపకి ఇప్పుడు స్టీల్ తీగ వేసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ స్టీల్‌లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మామూలుగా దాన్ని అయస్కాంతం పట్టుకోదు. కానీ సన్నటి తీగగా లాగేటప్పుడు లోపలి అమరిక మారి కొంత అయస్కాంత గుణం వస్తుంది. ఇంట్లో స్టీల్ గిన్నెకి ఫ్రిజ్ మీద పెట్టే అయస్కాంతం ఆనించి చూడండి. చాలా గిన్నెలకి చదునైన చోట పట్టుకోదు, అంచు మడిచిన చోట కొంచెం లాగుతుంది. రెండూ ఒకే స్టీల్. మడతపెట్టిన చోట గుణం మారింది.

బ్రాకెట్ల సంగతి వేరు. సన్నటి రెక్కలు విరగకుండా ఉండాలని కొన్ని కంపెనీలు 17-4 అనే గట్టి రకం స్టీల్ వాడతాయి. దాన్ని అయస్కాంతం నేరుగా పట్టేస్తుంది. బొమ్మని బాగా పాడుచేసేవాటిలో అదొకటి. మీరు రింగులన్నవి మోలార్ బ్యాండ్లు. అవి సైజులో పెద్దవి, పైగా వెనకగా ఉంటాయి కాబట్టి మెదడు అడుగు భాగానికి దగ్గర.

నా దగ్గరికి ఎంఆర్ఐ చీటీతో వచ్చే పిల్లలకి మొదట తీగ, దాన్ని కట్టిన చిన్న లిగేచర్లు తీసేస్తాను. ప్రతి బ్రాకెట్‌నీ పరికరంతో కదిపి చూస్తాను, వదులుగా ఉన్నది ఉంటే అక్కడే తీసేస్తాను. స్కాన్ అయ్యాక అదే రోజు గానీ మర్నాడు గానీ తీగ తిరిగి పెట్టేస్తాను. ఒకటి రెండు రోజుల్లో పళ్లు ఎక్కడికీ పోవు. ఈ పనికి మీ డాక్టర్ గారు కూడా కాదనరు. మొత్తం ఊడదీయడం వేరే సంగతి. అది తప్పనిసరా కాదా అని తేల్చాల్సింది మెదడు బొమ్మ చదివేవాళ్లు.

క్యాప్ గురించి బెంగ వద్దు. అది కింది పన్నుకి, ఒక్కటే. క్లిప్పులతో పోలిస్తే అది చేసేదేమీ లేదు.

కృష్ణలంక (విజయవాడ)

డాక్టర్ గారూ, టెక్నీషియన్ గారూ, చాలా థాంక్స్ అండీ. మీ పోస్టులు పాపకి చదివి వినిపించాను. ఈఈజీ రిపోర్టులో కుడివైపు టెంపోరల్ అని రాశారు. ఆ భాగం నల్లటి గుంటలో పడుతుందా? ఇంకో మాట, లోపల క్లిప్పులు వేడెక్కి నోరు కాలుతుందా అని అడుగుతోంది.

పళ్ల డాక్టర్ (కరీంనగర్)

కాలదమ్మా. మెషీన్ పంపే రేడియో తరంగాలకి లోహం కొంత వేడెక్కే మాట నిజమే. ల్యాబుల్లో క్లిప్పులు పెట్టి కొలిచినప్పుడు పెరిగింది కొద్ది డిగ్రీల లోపే. ఎందుకైనా మంచిది, చేతిలో రబ్బరు బల్బు ఇస్తారు, ఏ మాత్రం వేడిగా అనిపించినా నొక్కమనండి. వెంటనే ఆపేస్తారు.

ఫిల్మ్ చదివేవాణ్ని (రేడియాలజిస్ట్, విశాఖపట్నం)

మేడమ్, టెంపోరల్ అన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

క్లిప్పుల వల్ల పోయేది ముందుగా పెదాలు, నాలుక, దవడలు, సైనస్‌లు. ఆ తర్వాత కంటి గుంటల అడుగు, ఫ్రాంటల్ లోబ్ (నుదుటి వెనక మెదడు) కింది అంచు, టెంపోరల్ లోబ్ (కణతల లోపలి మెదడు) ముందు కొస. ఫిట్స్ కేసుల్లో మేం ముఖ్యంగా చూసే హిప్పోక్యాంపస్ టెంపోరల్ లోబ్ లోపలి వైపు ఉంటుంది, పళ్లకి కాస్త దూరం. చాలామందిలో అది బతికి బయటపడుతుంది. వెనక భాగం, చిన్న మెదడు ఎలాగూ బాగానే కనిపిస్తాయి.

అయితే ఒక ఎంఆర్ఐ అంటే ఒక్క బొమ్మ కాదు, అరడజను పైగా వేర్వేరు సీక్వెన్సులు. అన్నీ ఒకేలా పాడవవు. స్పిన్ ఎకో పద్ధతిలో మధ్యలో ఇంకో పల్స్ ఇచ్చి, చెదిరిన సిగ్నల్‌ని మళ్లీ ఒకచోటికి తెస్తారు. అందుకే టీ2, ఫ్లెయిర్ లాంటివి చాలావరకు నిలబడతాయి. గ్రేడియెంట్ ఎకోలో ఆ సర్దుబాటు లేదు. ఎపిలెప్సీ ప్రోటోకాల్‌లో ముఖ్యమైన 3డీ టీ1 ఎక్కువగా ఆ రకమే. ఎస్‌డబ్ల్యూఐ అన్నది అయస్కాంత తేడాలనే పట్టుకునే సీక్వెన్స్ కాబట్టి క్లిప్పులుంటే సగం మెదడు నల్లగా వస్తుంది. డిఫ్యూజన్ కూడా బాగా వంకరపోతుంది.

ఇక 3 టెస్లా. హిప్పోక్యాంపస్‌లో పొరల తేడా, కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో) చిన్న చిన్న లోపాలు 3లో స్పష్టంగా కనపడతాయని మీ డాక్టర్ అలా రాసి ఉంటారు. మామూలుగా అది సరైన నిర్ణయమే. కానీ క్షేత్రం రెట్టింపైతే లోహం తెచ్చే వంకర కూడా దాదాపు రెట్టింపవుతుంది. నోటి నిండా స్టీల్ ఉన్న పిల్లకి మంచి 1.5 టెస్లా మెషీనే మేలు చేయొచ్చు. ఈ మాట సెంటర్‌తో కాకుండా మీ న్యూరాలజిస్ట్‌తో మాట్లాడి, ఆయన చేతే చీటీ మీద మార్పించండి.

మన ప్రాంతంలో మొదటిసారి ఫిట్స్ వచ్చిన పిల్లల్లో మేం వెతికేవాటిలో న్యూరోసిస్టిసర్కోసిస్ ఒకటి. మెదడులో చేరిన బద్దెపురుగు పిల్ల తిత్తి. అది ఎండి సున్నం పట్టాక ఎస్‌డబ్ల్యూఐలో నల్ల చుక్కలా దొరుకుతుంది. క్లిప్పుల వల్ల ఆ సీక్వెన్స్ పోయిందని కంగారు పడక్కర్లేదు. మామూలు సీటీలో ఆ సున్నపు చుక్క తెల్లగా తేలిగ్గా కనపడుతుంది. సీటీలో లోహం గీతలు లోహం ఉన్న ఎత్తులోని ముక్కల్లోనే వస్తాయి, పళ్ల దగ్గరివి మెదడు దాకా ఎక్కవు.

నా మాట: తీగ తీయించండి, పై పళ్ల బ్యాండ్లు తేలిగ్గా వస్తే అవి కూడా. స్కాన్ మొదలుపెట్టాక 3డీ టీ1, ఫ్లెయిర్‌లో హిప్పోక్యాంపస్ సరిగ్గా వస్తోందో లేదో అక్కడున్న రేడియాలజిస్ట్‌ని టేబుల్ మీద ఉండగానే చూడమని అడగండి. రాకపోతే అప్పుడు మొత్తం తీయించే మాట. ముందే ఊడదీయించడం తొందరపాటు.

సాగర తీరం (నెల్లూరు)

రేడియాలజిస్ట్ గారి మాట మీద గౌరవంతోనే ఒక సంగతి చెప్పాలి. మా అబ్బాయిది ఫ్రాంటల్ లోబ్ ఎపిలెప్సీ. రెండు రకాల మందులు వాడినా ఫిట్స్ ఆగలేదు. ఆపరేషన్‌కి పనికొస్తుందా అని పెద్ద ఆసుపత్రిలో పరీక్షలు మొదలుపెట్టారు. అంతకు ముందు క్లిప్పులతోనే తీసిన స్కాన్ ఒకటి ఉంది. రిపోర్టులో "నార్మల్" అనే రాశారు. కానీ కొత్త డాక్టర్ గారు ఫిల్మ్ లైట్ మీద పెట్టి ఫ్రాంటల్ లోబ్ అడుగు చూపించి, "ఇక్కడ నార్మల్ కాదు, ఇక్కడ ఏమీ కనపడలేదు" అన్నారు. ఆ రెండింటికీ ఉన్న తేడా మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మేం క్లిప్పులు మొత్తం తీయించి 3 టెస్లాలో తీయించాం. పళ్ల వైద్యం ఆరు నెలలు వెనక్కి పోయింది, నిజమే. మాకు అదే సరైనది. ఆపరేషన్ దాకా వెళ్తున్నవాళ్లు "సర్దుకుపోదాం" అనుకోకండి.

ఫిల్మ్ చదివేవాణ్ని (రేడియాలజిస్ట్, విశాఖపట్నం)

సాగర తీరం గారూ, మీతో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను. మొదటి ఫిట్ తర్వాత తీసే స్కాన్‌కీ, ఆపరేషన్ కోసం తీసే స్కాన్‌కీ పెట్టే కొలత ఒకటి కాదు. ఫ్రాంటల్ అడుగు అనుమానం ఉన్న చోట క్లిప్పులు తీయాల్సిందే.

మీ డాక్టర్ గారు చెప్పింది మా వృత్తిలో అందరూ పాటించాల్సిన మాట. లోహం వల్ల ఏ భాగం కనపడలేదో రిపోర్టులో విడిగా రాయాలి. రాయకపోతే రోగి బంధువులు అడగాలి: "క్లిప్పుల వల్ల ఏదైనా భాగం కనపడలేదా? అది కూడా రాసివ్వండి" అని. అడిగితే రాయనివాళ్లు తక్కువ.

కృష్ణలంక (విజయవాడ)

స్కాన్ అయింది. న్యూరాలజిస్ట్ గారు మీరు చెప్పినట్టే 1.5కి మార్చి రాశారు. మొదట ఫోన్ చేసిన సెంటర్‌వాళ్లు అప్పటికీ ఒప్పుకోలేదు, వేరే చోటికి వెళ్లాం. తీగలు, పై రెండు బ్యాండ్లు తీయించాం. హిప్పోక్యాంపస్ రెండువైపులా బాగుందని రాశారు. కుడి టెంపోరల్ కొస, ఫ్రాంటల్ అడుగు కొంత కనపడలేదని, ఎస్‌డబ్ల్యూఐ వదిలేశామని కూడా విడిగా రాశారు, నేనే అడిగి రాయించాను. మందు మొదలుపెట్టారు. క్లిప్పుల కోర్సు పూర్తయ్యాక మళ్లీ తీద్దామన్నారు. మీ అందరికీ రుణపడి ఉంటాను.

బాబాయ్ (రాజమండ్రి)

మంచి చర్చ. నా సందేహం చిన్నది. నాకు డెబ్బై దాటింది. ఒక ఇంప్లాంట్, నాలుగు క్యాప్‌లు, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల సెట్ ఒకటి. మోకాలికి ఎంఆర్ఐ రాశారు. నోట్లో ఇంత సామాను ఉందని చెప్తే తిప్పి పంపేస్తారేమో అని చెప్పకుండా వెళ్దామనుకుంటున్నాను.

గ్యాంట్రీ పక్కన (ఎంఆర్ఐ టెక్నీషియన్, హైదరాబాద్)

బాబాయ్, దయచేసి దాచొద్దు. చెప్తే తిప్పి పంపం. మోకాలి బొమ్మకి మీ పళ్లతో పనే లేదు. ఇంప్లాంట్ టైటానియం, ఎముకలో కలిసిపోయి ఉంటుంది. క్యాప్‌లు సిమెంటుతో ఉన్నాయి. సెట్ మాత్రం ఇంట్లో గానీ, బయట మా లాకర్లో గానీ పెట్టి రావాలి. దానికి కోబాల్ట్-క్రోమియం పలకో, పళ్లని పట్టుకునే కొక్కాలో ఉంటాయి. విడిగా ఉన్న ఏ లోహమూ గదిలోకి రాకూడదు.

మేం అసలు భయపడేవి వేరే ఉన్నాయి: పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి పాత క్లిప్పు, వెల్డింగ్, గ్రైండింగ్ పనుల్లో కంట్లో పడిన ఇనుప రజను. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట లేత్ మీద పనిచేసినా సరే, ఆ మాట చెప్పాలి.

తెనాలి సత్రం (డాలస్)

మా నాన్నగారికి పాత వెండి ఫిల్లింగులు చాలా ఉన్నాయి. ఎంఆర్ఐలో పెడితే అందులోని పాదరసం కరిగి ఒంట్లోకి వస్తుందని ఒక వీడియో తిరుగుతోంది. ఫిల్లింగులన్నీ తీయించేయమని ఇంట్లో పట్టుబడుతున్నారు. నిజమేనా?

పళ్ల డాక్టర్ (కరీంనగర్)

ఆ వీడియో చూసి ఫిల్లింగులు తీయించకండి. వెండి ఫిల్లింగ్ అంటే అమాల్గమ్. బరువులో సుమారు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి. వీటిలో ఏదీ అయస్కాంతానికి లొంగేది కాదు. 2018లో ఒక అధ్యయనంలో పీకేసిన పళ్లకి అమాల్గమ్ నింపి 1.5 టెస్లాలోనూ 7 టెస్లాలోనూ పెట్టి చూశారు. 1.5లో పెట్టినవాటికీ అసలు పెట్టనివాటికీ తేడా కనపడలేదు. 7లో పాదరసం ఎక్కువ వదిలింది. ఆసుపత్రుల్లో రోజూ వాడేవి 1.5, 3 టెస్లా మెషీన్లు. 7 టెస్లావి ఎక్కువగా పరిశోధన కేంద్రాల్లో ఉంటాయి.

అసలు ఫిల్లింగ్‌ని డ్రిల్ పెట్టి తీసేటప్పుడే పాదరసపు ఆవిరి ఎక్కువ వస్తుంది. బాగున్న ఫిల్లింగ్‌ని స్కాన్ కోసం తవ్వడం అంటే లేని ముప్పుని కొనితెచ్చుకోవడమే. పర్యావరణం కోసం 2013 నాటి మినమాటా ఒప్పందం ప్రకారం దేశాలు అమాల్గమ్ వాడకం తగ్గిస్తున్నాయి, అది మంచిదే, కానీ దానికీ మీ నాన్నగారి స్కాన్‌కీ సంబంధం లేదు.

కళింగపట్నం కోడలు (శ్రీకాకుళం)

మా అత్తయ్య గురించి అడగాలి. మా తీరంలో పెద్దతరం ఆడవాళ్లు చుట్టని మండే కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటాం. అత్తయ్య చిన్నప్పటి నుంచి అలాగే కాల్చింది. అంగిట్లో పుండు వచ్చి మానకపోతే ముక్క పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. సర్జన్ గారు ఎంఆర్ఐ, సీటీ రెండూ రాశారు. ఆవిడకి పై దవడలో మూడు పళ్ల బ్రిడ్జి ఉంది, పుండు పక్కనే. బ్రిడ్జి ఉంటే బొమ్మ రాదని ఒకరు, సీటీ ఒక్కటి చాలని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఫిల్మ్ చదివేవాణ్ని (రేడియాలజిస్ట్, విశాఖపట్నం)

అమ్మా, ఈ తీరంలో అంగిటి క్యాన్సర్లు మేం చాలా చూస్తాం. మీ సర్జన్ రెండూ రాయడం సరైనదే, ఒకటి మానొద్దు.

మెదడు స్కాన్‌లో లోహం దూరంగా ఉండి ఇబ్బంది పెడుతుంది. ఇక్కడ మనం చూడాల్సిన చోటే లోహం ఉంది. సర్జన్‌కి తెలియాల్సినవి ముఖ్యంగా రెండు. పుండు పైకి ఎముకని, సైనస్‌ని తినేసిందా అన్నది మొదటిది. ఎముక సంగతి సీటీ బాగా చెప్తుంది. రెండోది, అంగిటి నరాన్ని పట్టుకుని లోపలికి, పుర్రె అడుగు వైపు పాకిందా అన్నది. ఇది ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. ఇది తెలియకుండా ఆపరేషన్ చేస్తే కొంత జబ్బు లోపల మిగిలిపోయే ప్రమాదం ఉంది.

సీటీకీ ఎంఆర్ఐకీ లోహాల విషయంలో లెక్క తిరగబడుతుంది. సీటీలో బరువైన అణువులే శత్రువులు. బంగారం, అమాల్గమ్, జిర్కోనియా క్యాప్‌లు ఎక్స్-రేని అడ్డుకుని ఆ వరుస అంతా గీతలు కొడతాయి. ఎంఆర్ఐలో చూసేది అయస్కాంత గుణం. నీళ్లది మైనస్ 9 అనుకుంటే బంగారానిది మైనస్ 34, పెద్ద తేడా లేదు, అందుకే బంగారు పన్ను ఎంఆర్ఐలో దాదాపు అల్లరి చేయదు. టైటానియం 182. అయస్కాంతం పట్టదనే స్టీల్ కూడా 3500 నుంచి 6700 దాకా ఉంటుంది. కాబట్టి ఒక మెషీన్‌లో పాడైన చోటుని రెండోది చాలాసార్లు చూపిస్తుంది.

అత్తయ్యగారి బ్రిడ్జి పింగాణీ పూత వేసిన నికెల్-క్రోమియం అయి ఉండొచ్చు. ఆ రకం మధ్యస్థంగా పాడుచేస్తుంది, కంపెనీ మిశ్రమాన్ని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. అది ఉండగానే తీయాల్సి వస్తే టెక్నీషియన్ చేయగలిగినవి చాలా ఉన్నాయి. బ్యాండ్‌విడ్త్ పెంచితే సిగ్నల్ తప్పుచోటికి జరిగే దూరం తగ్గుతుంది. ముక్కలు సన్నగా తీయొచ్చు. కొవ్వుని అణచడానికి మామూలు ఫ్యాట్ సాచురేషన్ లోహం పక్కన పనిచేయదు, పుండు లాగా తెల్ల మచ్చలు పుట్టిస్తుంది, దాని బదులు స్టిర్ అనే సీక్వెన్స్ వాడాలి. కాంట్రాస్ట్ (బొమ్మ తేటగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చాక కూడా కొవ్వు అణచకుండా ఒక టీ1 తప్పకుండా తీయమనండి, నరం చుట్టూ కొవ్వు మాయమైందా లేదా అన్నది అందులో తెలుస్తుంది. కొత్త మెషీన్లలో సెమాక్, మావ్రిక్ అనే లోహం కోసం చేసిన పద్ధతులున్నాయి. టైమ్ ఎక్కువ పడుతుంది, ముసలావిడ అంతసేపు కదలకుండా ఉండగలిగితేనే.

పళ్ల డాక్టర్ (కరీంనగర్)

దీనికి నేనొక మాట కలుపుతాను. రేడియేషన్ ఇచ్చే అవకాశం ఉంటే అంతకు ముందు పళ్ల పరీక్ష ఎలాగూ చేయాలి. చెడిపోయిన పళ్లు రేడియేషన్‌కి ముందే పీకేయాలి, తర్వాత పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. పైగా పుండు పక్క పళ్లు ఆపరేషన్‌లో పోయే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు బ్రిడ్జిని కాపాడుకోవడంలో అర్థం లేదు. సర్జన్ గారిని అడిగి, ఆయన సరేనంటే స్కాన్‌కి ముందే కోసి తీయించండి. బ్రిడ్జి కోయడం అరగంట పని. పుండు తగలకుండా చేయగల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కానీ అపాయింట్‌మెంట్ దొరకలేదని స్కాన్ మాత్రం వారాల తరబడి వాయిదా వేయకండి.

కళింగపట్నం కోడలు (శ్రీకాకుళం)

సర్జన్ గారిని అడిగాం. బ్రిడ్జి తీయించేసి రమ్మన్నారు, ఆ పళ్లు ఎలాగూ ఉంచనన్నారు. స్టిర్, కొవ్వు అణచని టీ1 అని మీరు రాసింది కాగితం మీద రాసుకుని తీసుకెళ్తున్నాను. అత్తయ్య చుట్ట మానేసింది.

కొత్త సభ్యురాలు (గుంటూరు)

మా పిన్నికి కింది సెట్ అయస్కాంతంతో పట్టుకునేది. సెట్‌లో చిన్న అయస్కాంతాలు, నోట్లో రెండు వేర్లకి లోహపు బిళ్లలు. ఆవిడకి మెడ ఎంఆర్ఐ రాశారు. సెట్ తీసేస్తే సరిపోతుందా?

పళ్ల డాక్టర్ (కరీంనగర్)

ఇది మన దగ్గర అరుదు, కానీ జాగ్రత్తగా చూడాల్సిన రకం. సెట్ గదిలోకి అస్సలు వెళ్లకూడదు. ఎగిరిపోతుంది, ఎగరకపోయినా అందులోని అయస్కాంతం బలం పోతుంది. నోట్లో మిగిలే బిళ్లలని కీపర్లంటారు. వాటిని కావాలనే అయస్కాంతం పట్టే స్టీల్‌తో చేస్తారు, లేకపోతే సెట్ నిలవదు. వేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి సిమెంట్ గట్టిగా ఉందో లేదో చూపించి, ఏ రకం కీపరో కాగితం రాయించుకోండి. స్క్రూతో బిగించిన రకమైతే తీసేసి, స్కాన్ అయ్యాక మళ్లీ బిగించొచ్చు.

గ్యాంట్రీ పక్కన (ఎంఆర్ఐ టెక్నీషియన్, హైదరాబాద్)

ఆ కాగితం లేకపోతే నేనైతే స్కాన్ మొదలుపెట్టను, ఇది ముందే చెప్తున్నాను. మెడ బొమ్మ వరకు నష్టం తక్కువే. కింది దవడ ముందు భాగంలో ఉన్న లోహం వల్ల మెడ పైన మొదటి రెండు ఎముకల దగ్గర కొంచెం తేడా రావొచ్చు, మామూలుగా అరిగే ఐదు, ఆరు, ఏడు ఎముకల దగ్గర శుభ్రంగా వస్తుంది. 1.5లో చేయించండి. మీ దగ్గర్లో 0.3, 0.4 టెస్లా ఓపెన్ మెషీన్ ఉంటే అక్కడ లోహం అల్లరి ఇంకా తక్కువ, కాకపోతే బొమ్మ అంత నాణ్యంగా ఉండదు.

ఓరుగల్లు బిడ్డ (హనుమకొండ)

ఇదంతా చదివాక నాదీ ఒక ప్రశ్న. క్లిప్పులు తీసేసి అయిదేళ్లు. కింది ముందు పళ్ల లోపలి వైపు సన్నటి తీగ అతికించే ఉంచారు, పళ్లు మళ్లీ వంకర పోకుండా. నడుము నొప్పికి ఎంఆర్ఐ రాశారు. దాన్ని తీయించాలా?

గ్యాంట్రీ పక్కన (ఎంఆర్ఐ టెక్నీషియన్, హైదరాబాద్)

అక్కర్లేదు తమ్ముడూ. దాన్ని రిటైనర్ అంటారు. మెలితిప్పిన స్టీల్ తీగ అయితే నాలుక, దవడ బొమ్మల్ని పాడుచేస్తుంది, నడుముతో దానికి పని లేదు. నాలుకతో తడిమి చూసుకో, ఒక చివర ఊడి కదులుతుంటే ముందు అతికించుకుని రా. ఫారమ్‌లో "లోహం" అన్న చోట మాత్రం "పళ్ల లోపల తీగ" అని రాయి. చాలామంది దాన్ని మర్చిపోతారు.